అమ్మవైపు రక్తం – తొమ్మిదో భాగం: ఆది జాకెట్టు

కిందటి వారం పత్రిక పక్కింటికి పోయి తిరిగి రాని పాఠకులు కొందరుంటారు. వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

హసన్‌పర్తి అవతల ఊళ్లో ఎల్లస్వామి, మొగిలమ్మలది మిర్చి, పత్తి వేసుకునే ఇల్లు. కొడుకు మహిపాల్, కూతురు తిరుమల. మొగిలమ్మ తన తమ్ముడు కుమారస్వామి కూతురు శోభారాణిని కొడుక్కి చేసుకుంది. బదులుగా తిరుమలను తమ్ముడి కొడుకు రాంప్రసాద్‌కు ఇస్తానని మాటిచ్చింది. మాటిచ్చింది తల్లి, కాపురం చేయాల్సింది కూతురు. తిరుమల ఆ మాట దాటి తనకు నచ్చిన మధును పెళ్లాడి, హన్మకొండలో జాకెట్లు కుట్టే షాపు పెట్టుకుంది.

ఏడాది తిరక్కముందే మొగిలమ్మ రొమ్ములో గడ్డ తేలింది. ఊరు ఊరంతా డాక్టరైపోయి, బిడ్డ మీది రందితోనే గడ్డ పుట్టిందని తేల్చేసింది. రంది అంటే బెంగ. మా వైపు ఆ మాటకు మనిషిని మంచాన పడేసేంత బరువుంది. మొగిలమ్మ కూడా అదే నమ్మింది. బిడ్డ ఇంటికొస్తే గడ్డ దానంతటదే కరుగుతుందని పసుపు ముద్ద కట్టుకుని కూర్చుంది. మహిపాల్ చెల్లెల్ని గడప తొక్కనివ్వలేదు. కడుపునొప్పికి కషాయం తాగినట్టు నెలల తరబడి పసుపుతో సరిపెట్టి, దవాఖానకు పోయేసరికి చెయ్యి దాటిపోయింది. పోయిన వానాకాలం మొగిలమ్మ పోయింది. పిట్టకు పిండం పెట్టిన రోజున కాకి ఎంతకీ ముట్టకపోతే, మహిపాల్ చుట్టాలందరి ముందు చెల్లెల్ని చూపించి, "దీని రందితోనే మా అమ్మ సచ్చిపోయింది, పిట్ట గూడ ముడ్తలేదు సూడున్రి" అన్నాడు. తిరుమల ఆ మాటను అప్పటినుంచీ మోస్తోంది.

ఇక డాక్టర్ సుకన్య. బెంగ, అలవాట్లు, వంశం, వీటికీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద హన్మకొండలో పరిశోధన చేస్తున్న మనిషి. మొగిలమ్మ మందులు ఎక్కించుకునే రోజుల్లో ఆ పరిశోధనకు రక్తం ఇచ్చింది. ఆమె పోయాక ఆ రక్తంలో ఏదో కనిపించిందని, అది పిల్లలకు దిగి ఉండొచ్చని, ఇద్దరినీ కూడా రక్తం ఇమ్మని సుకన్య అడిగింది. తిరుమల భయంతో ఇచ్చింది. మహిపాల్ ఇచ్చిన కారణం వేరు. ఈ పరీక్ష రంది సంగతి కూడా తేలుస్తుందని ఎవరో చెప్పారు. ఊరు అన్న మాటను చదువుకున్నామె నోటితో కూడా అనిపించాలని అతని పంతం. ఇద్దరూ సుకన్య గదిలో కూర్చున్నారు. అక్కడ ఆగాం.

* * *

గదిలో మూడు కుర్చీలున్నాయి. మహిపాల్ కిటికీ పక్కన కూర్చుని, బస్సులో సీటుకు వేసినట్టు మధ్య కుర్చీలో తువ్వాల వేశాడు. బస్సులో అయితే మనవాళ్ల కోసం వేస్తాం. అతను చెల్లెలు దగ్గరికి జరగకుండా వేశాడు.

"ఎవరి ఫలితం వాళ్లకు విడిగా చెప్పడం మా పద్ధతి," అంది సుకన్య. "ఒకరు కాసేపు బయట కూర్చోండి."

"ఇడిగా ఎందుకు మేడం? దాసుకునేటిది ఏమున్నది? గామె ముందటనే చెప్పున్రి. గామెనే వినాలె."

"మహిపాల్ గారూ, మీ గురించి కూడా ఉంటుంది. ఆలోచించుకోండి."

"నా గురించేమున్నది, నేను మంచిగున్న. చెప్పున్రి."

సుకన్య తిరుమల వైపు చూసింది. తిరుమల తల ఊపింది. అన్న ముందు కాదనే ధైర్యం ఆమెకు జీవితంలో ఒక్కసారే వచ్చింది, దాని ఫలితం ఇంకా అనుభవిస్తోంది.

సుకన్య డోర్నకల్ పిల్ల. రైల్వే క్వార్టర్లలో పెరిగింది. కష్టమైన సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె గొంతు ఇంకా నెమ్మదిస్తుంది. "మన ఒంట్లో ఎప్పుడూ పాత కణాలు పోయి కొత్తవి పుడుతుంటాయి. పుట్టేటప్పుడు తప్పులు పడతాయి. తిరుమలా, నువ్వు జాకెట్టు కుట్టేటప్పుడు కుట్టు తప్పితే ఏం చేస్తవ్?"

"ఇప్పి మల్ల కుడత మేడం."

"ఒంట్లో ఆ పని చేసే జన్యువు ఒకటుంది. మీ అమ్మకు అది పుట్టుకతోనే పాడై ఉంది. తప్పులు దిద్దే చెయ్యి సరిగ్గా లేదు. అందుకే అంత చిన్న వయసులో వచ్చింది. మీ అమ్మమ్మ కూడా కడుపులో గడ్డతోనే పోయిందన్నారు కదా, అది కూడా ఇదే అయ్యుంటుంది. తల్లికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం."

మొదటి కాగితం తీసింది.

"తిరుమలా, నీకు రాలేదు."

తిరుమలకు ముందు అర్థం కాలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, రావాల్సింది ఇంకా వస్తుందేమోనన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

"మహిపాల్ గారూ, మీకు వచ్చింది."

మహిపాల్ నవ్వాడు. పెద్దవాళ్ల ముందు ఎవరైనా తెలివితక్కువ మాటంటే నవ్వే నవ్వు. "నాకెట్ల వస్తది మేడం? గది ఆడోళ్ల బీమారి గదా. నేనేం రంది పడలే, తిన్నది అరుగుతాంది, పన్నదే నిద్ర."

"మగవాళ్లకు జబ్బు తక్కువ. లేకపోలేదు, అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకోవాలి. జన్యువు ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. కానీ మీ నుంచి పిల్లలకు పోవచ్చు."

నవ్వు ఉన్నచోటనే ఉండిపోయింది, మనిషి మాత్రం దాని వెనకనుంచి వెళ్లిపోయాడు. మహిపాల్‌కు ఒక్కతే కూతురు, మానస. ఈ ఏడే బడిలో వేశారు.

"మా మానసకు?"

"వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. చిన్నపిల్లలకు పరీక్ష చేయం. పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది."

మహిపాల్, తాను వచ్చిన పని గుర్తొచ్చినట్టు, మొండిగా అడిగాడు. "మరి రంది? బిడ్డ ఇంట్లకెల్లి పోయినంక అమ్మ అన్నం తినలే, నిద్ర పోలే. నేను కండ్లార సూసిన. గదంతా ఉత్తదేనా?"

"ఉత్తది కాదు," అంది సుకన్య. "ఆమె బాధ నిజం. కానీ ఆ బాధ గడ్డను పుట్టించిందనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఎక్కడెక్కడి పరిశోధనలు చదివినా గట్టిగా దొరకలేదు. నేను మాట్లాడిన ఆడవాళ్లలో మాత్రం ఒకటి చూశాను. గడ్డ రంది వల్ల వచ్చిందనుకున్నవాళ్లు డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వస్తారు. రంది తీరితే పోతుందని చూస్తారు. ఇంట్లోవాళ్లకు చెబితే వాళ్లకు రంది అని దాస్తారు. మీ అమ్మ గడ్డ చేతికి తగిలిన రోజే వచ్చి ఉంటే ఇవాళ బతికి ఉండేదేమో. తప్పకుండా అని చెప్పలేను. కానీ ఉండేదేమో."

తిరుమల ఏడుస్తోంది. నెలల తరబడి ఒక్క మాట కోసం చూసింది. నువ్వు చంపలేదు అనే మాట. కుట్టు మిషను ముందు కూర్చున్నా, మధు పక్కన పడుకున్నా ఆ మాట ఎవరైనా అంటారా అని ఎదురుచూసింది. ఇవాళ అన్నారు. కానీ ఆ మాట అన్న నోటితోనే అన్నకు శిక్ష చెప్పారు. సంతోషపడాలో వద్దో తెలియక, పడినందుకు సిగ్గుపడుతూ, సిగ్గుపడినందుకు మళ్లీ ఏడుస్తూ కూర్చుంది. ఆ క్షణంలో ఆమెకు అన్న మీద కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

మహిపాల్ మధ్య కుర్చీలోని తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్లీ అక్కడ వేయలేదు.

"ఇంకొకటి అడగాలి," అంది సుకన్య. "మీ అమ్మకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారా? వాళ్లకు కూడా పరీక్ష చేయాలి."

"ఒక్కడే తమ్ముడు. కుమారస్వామి మామ."

"ఆయనకు పిల్లలు?"

"రాంప్రసాద్ ఒకడు, శోభారాణి ఒకతి."

"శోభారాణికి పెళ్లయిందా? ఎక్కడుంటుంది?"

ఈసారి తిరుమలే చెప్పింది. "మా వదినె మేడం. అన్న భార్య."

మేనరికం అనే మాట సుకన్యకు కొత్త కాదు. ఆమె తల్లిదండ్రులదీ మేనరికమే. అయినా ఆ గదిలో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. రక్తం కలవాలని, ఆస్తి దాటిపోకూడదని, పిల్ల తెలిసినవాళ్ల ఇంట్లో ఉండాలని మన పెద్దలు ఎంతో ముచ్చటగా చేసుకున్న సంబంధం అది. రక్తంలో ఇంకేం కలుస్తుందో వాళ్లకేం తెలుసు. తెలియనివాళ్లను నేను తప్పుపట్టను.

"మీ మామకు ఆ జన్యువు ఉంటే ఆమెకు కూడా వచ్చి ఉండొచ్చు," అంది సుకన్య. "ఆమెను త్వరగా తీసుకురండి. ఒంట్లో ఏమైనా తేడా ఉందని ఎప్పుడైనా అందా?"

"ఏం లేదు మేడం," అన్నాడు మహిపాల్ వెంటనే. "గట్టి మనిషి. ఇయ్యాల గూడ కల్లంల తాలు కాయ ఏర్తాంది. ఏమన్న ఉంటే నాకు చెప్పదా?"

అప్పుడు తిరుమల ఏడుపు ఆగిపోయింది.

ఆమె షాపులో, కత్తెర పక్కన, చిలకపచ్చ జాకెట్టు ఒకటి మడతపెట్టి ఉంది. అది శోభారాణి ఆది జాకెట్టు. కొత్తది కుట్టించుకునేవాళ్లు కొలతకని ఇచ్చే పాతదాన్ని అలా అంటారు. అన్న మాట్లాడనీయకపోయినా వదిన మాత్రం పాలు అమ్మడానికి రోజూ హన్మకొండ వచ్చే నిర్మల చేతికి గుడ్డ, ఆది జాకెట్టు ఇచ్చి పంపేది. మహిపాల్‌కు తెలియదు. మొగిలమ్మ ఉన్నప్పటి నుంచీ నడుస్తున్న దొంగ రాకపోకలవి. ఇద్దరాడవాళ్ల మధ్య మాటలు లేవు, కుట్లు ఉన్నాయి. శోభారాణి తొడుక్కున్న ప్రతి జాకెట్టూ ఆడబిడ్డ చేతిదే.

ఈసారి ఆది జాకెట్టుతో పాటు నిర్మల ఒక మాట కూడా మోసుకొచ్చింది. "మీ వదినె ఎడమ చంక కింద జర వదులు పెట్టుమన్నది. పట్టేస్తాందట." కుడి వైపు మాట చెప్పలేదు. తిరుమల నవ్వుకుంది. వదినకు ఒళ్లు చేసిందనుకుంది. ఒళ్లు చేస్తే రెండు వైపులా చేస్తుంది. రోజుకు ఎంతోమంది కొలతలు తీసుకునే మనిషికి ఆ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు.

చెబితే వదిన గుట్టు బయటపడుతుంది. ఆ ఇంటికి తనకు మిగిలిన ఒక్క దారి మూసుకుపోతుంది. తిరుమల అన్న వైపు తిరిగింది.

"అన్నా," అంది. పిట్టకు పెట్టిన రోజు తర్వాత అతన్ని అలా పిలవడం ఇదే మొదటిసారి. "వదినె జాకెట్లు నేనే కుడతాన. నిర్మలక్క తెస్తది. నన్ను తిట్టు, వదినెను అనకు. ఈసారి ఎడమ చంక కింద వదులు పెట్టుమన్నది. ఒక్క ఎడమ దిక్కే."

మహిపాల్ లేచాడు. తలుపు దాకా పోయి, వెనక్కి చూడకుండానే అన్నాడు. "రా. బండి మీద కూసో."

* * *

షాపు దగ్గర ఒక్క నిమిషం బండి ఆపించి తిరుమల చిలకపచ్చ జాకెట్టు సంచిలో వేసుకుంది, ఎందుకో ఆమెకే తెలియదు. హసన్‌పర్తి చెరువు దాటాక మహిపాల్ బండి నెమ్మది చేశాడు. త్వరగా చేరాలని హడావుడిగా బయల్దేరిన మనిషికి ఇప్పుడు చేరాలని లేదు.

కల్లం నిండా ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. టార్పాలిన్ మీద కూర్చుని శోభారాణి తాలు కాయలు ఏరి పక్కకు వేస్తోంది. రంగు పోయి తెల్లబారిన కాయను అంత దూరం నుంచి పసిగట్టే కన్ను ఆమెది. బండి వెనక ఆడబిడ్డను చూసి కొంగు సర్దుకుంటూ లేచింది. మొహంలో ముందు సంతోషం వచ్చింది, తర్వాత భర్త మొహం చూసి అది పోయింది.

"ఏమైంది బావా? తిరుమలను తోల్కచ్చినవ్?"

మహిపాల్ మిర్చి చుట్టూ తిరిగి చెట్టు కింద నిలబడ్డాడు. తిరుమల దగ్గరికి పోయింది. పలకరించలేదు, క్షేమం అడగలేదు. షాపులో కొలత తీసుకునేటప్పుడు చెప్పినట్టే, "వదినా, చెయ్యి ఎత్తు," అంది.

"ఇక్కడనా? పిచ్చి లేసిందా నీకు?"

"ఎత్తు వదినా."

శోభారాణి ఎడమ చెయ్యి సగం దాకా ఎత్తి, అక్కడ ఆపింది. తిరుమల ఆ చంక కింద వేళ్లు పెట్టింది. రోజంతా గుడ్డ మీద నడిచే వేళ్లవి. వాటికి వెంటనే తెలిసింది. చింతగింజ కంటే పెద్దది, గట్టిగా, కదలకుండా ఉంది.

"ఎప్పటిసంది?"

శోభారాణి చెయ్యి దించేసుకుంది. "మిర్చి ఘాటుకు చెమట పొక్కయి ఉంటది. పోతది."

"వదినా, ఎప్పటిసంది?"

చెట్టు కింద నుంచి మహిపాల్ చూస్తున్నాడు. శోభారాణి అతని వైపు వీపు తిప్పి, గొంతు తగ్గించింది. కళ్లు మంట పుట్టి నీళ్లు వస్తున్నాయని కొంగుతో ఒత్తుకుంది. మిర్చి కల్లంలో ఆడవాళ్లకు ఆ వీలుంది, ఎంత ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు.

"అత్తమ్మ ఉన్నప్పుడే. ఆమెకు తానం పోస్తాంటే నా చెయ్యి పట్టుకున్నది. ఆమెనే సూసింది, నాకన్న ముందు. సేపటిదాక వదలలే. మల్ల నాతోని ఒట్టేయించుకున్నది."

"ఏమని?"

"పసుపు కట్టుకొమ్మన్నది. 'మహిపాల్‌కు చెప్పకు బిడ్డా,' అన్నది. 'నా రందే వాన్ని తింటాంది. నీ సంగతి గూడ తెలిస్తే తట్టుకోడు. రందితోని వానికి గూడ వస్తది. నా కొడుకును కాపాడు,' అన్నది. సచ్చిపోయే మనిషి అడిగితే కాదంటనా తిరుమలా? అత్త గాదు, మేనత్త."

తిరుమల చేతిలో సంచి జారిపోయింది. అమ్మ మీద ఆమెకు కోపం వచ్చింది, చచ్చిపోయాక మొదటిసారి. కొడుకు మీద ప్రేమతో కోడల్ని, తన తమ్ముడి బిడ్డను, ఎత్తుకు పెంచిన పిల్లను ఆ తల్లి పసుపు ముద్దకు అప్పగించి పోయింది. ఆ తల్లికి తెలిసింది అంతే. ఆమెను ఏమని తిట్టాలో తెలియలేదు.

మహిపాల్ ఎప్పుడు దగ్గరికొచ్చాడో ఇద్దరూ చూడలేదు. ఎంత విన్నాడో తెలియదు. నడిచొచ్చిన దారంతా మిర్చి మీద అతని అడుగులు పడి ఉన్నాయి. కాయ మీద కాలు పెట్టేవాణ్ని కల్లంలోంచి తరిమేసే మనిషి అతను.

"బండెక్కు శోభా," అన్నాడు. "దవాఖానకు పోదాం. ఇప్పుడే."

"మానస బడి నుంచి వస్తది."

"నాయిన ఉన్నడు, సూస్కుంటడు. నడువు."

శోభారాణి కదల్లేదు. భర్త మొహంలోకి చూసింది. ఇన్ని నెలలుగా ఆమె దేనికోసం నోరు మూసుకుందో అది ఇంకా దక్కి ఉందో లేదో తేల్చుకోకుండా ఆమె ఎక్కడికీ రాదు.

"ముందుగాల నాకొకటి చెప్పు బావా. నువ్వు రక్తం ఇచ్చినవ్ గదా, ఏం చెప్పిన్రు? నీకేం లేదు గదా?"

మహిపాల్ చెల్లెలి వైపు చూశాడు. ఒక్క చూపే. అందులో బతిమాలుకోవడం ఉంది. తిరుమల పుట్టాక అన్న కళ్లలో అది చూడటం అదే మొదలు. సుకన్య అన్న మాటలు వాళ్లిద్దరూ ఒకే గదిలో, ఒకే పూట కూర్చుని విన్నారు. ఇంట్లోవాళ్లకు రంది అని దాస్తారు, అంది ఆమె.

"నాకేం లేదన్నరే," అన్నాడు మహిపాల్. "మంచిగున్నదట. నువ్వు రంది పడకు."

శోభారాణి ఊపిరి వదిలింది. "గంతే సాలు," అంది. కాళ్లకంటిన మిర్చి గింజలు దులుపుకుని, కొంగు నడుముకు దోపుకుని బండి వైపు నడిచింది. "నీకు లేకుంటే మన మానసకు గూడ భయం లేదు. నాకేమైతే గానీ."

మహిపాల్ కిక్కు కొట్టాడు. శోభారాణి వెనక ఎక్కి కూర్చుని ఎడమ చెయ్యి అతని భుజం మీద వేసింది. అంత ఎత్తు ఎత్తినందుకు నొప్పి పుట్టి ఆమె పెదవి బిగపట్టడం తిరుమల చూసింది.

కింద పడ్డ సంచిలోంచి చిలకపచ్చ జాకెట్టు సగం బయటికొచ్చి ఉంది. తిరుమల దాన్ని తీసుకోలేదు. ముందుకు పోయి బండి హ్యాండిల్ పట్టుకుంది.

"ఆగు వదినా," అంది.